నల్లగొండ రాత్రి చలి, ఆకు మీద శిలీంధ్రం

నల్లగొండ పేరు ఉష్ణోగ్రతతో కలిసి పత్రికల్లో కనిపించేది సాధారణంగా మే నెలలో, రోహిణి కార్తె దగ్గర పడుతుండగా, రాష్ట్రంలో ఎండ మండిపోయిన ఊళ్ళ జాబితాలో. 44, 45 డిగ్రీల అంకెలు మనకు నోటికి వస్తాయి గానీ, పుష్యమాసంలో తెల్లవారుజామున ఎన్ని డిగ్రీలకు దిగిందో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. యాసంగి పంటల ఆకుల మీద వచ్చే శిలీంధ్రపు తెగుళ్ళ విషయానికి వస్తే ఈ రెండో అంకెకే విలువ ఎక్కువ. మే ఎండలో ఆ శిలీంధ్రానికి పనేమీ ఉండదు. పొలంలో చాలావరకు పచ్చని ఆకే ఉండదు, ఉన్నా దాని మీద తడి నిలవదు. దాని అసలు కాలం కార్తీకం చివర మొదలై శివరాత్రి దాకా సాగుతుంది. అందులోనూ ఎక్కువ పని పొద్దుగూకిన తర్వాత, తెల్లవారేలోపు జరుగుతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా, హుజూర్‌నగర్ వైపు యాసంగి వరి చాలాకాలంగా ఉన్నదే. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక పాలమూరు మెట్ట భూముల్లో కూడా వరి మడులు పెరిగాయి. ‘మొగులు పట్టింది, ఇక తెగులు వస్తది’ అన్న మాట ఈ ప్రాంతంలో ఎక్కడైనా వినిపిస్తుంది. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే ఉంది. మబ్బు లేని రాత్రి, నక్షత్రాలు స్పష్టంగా కనిపించే చలి రాత్రి, అంతకంటే తక్కువ ప్రమాదకరమేమీ కాదు.

అగ్గి తెగులుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఉష్ణోగ్రతకూ శిలీంధ్రానికీ ఉన్న సంబంధం మీద వరిలో జరిగినంత పరిశోధన తక్కువ పంటల్లో జరిగింది. దీనికి కారణమైన శిలీంధ్రం పేరు మాగ్నపోర్తే ఒరైజే. పాత పుస్తకాల్లో పైరిక్యులేరియా అని ఉంటుంది. ఆకు మీద నూలు కండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో, అంచుల్లో గోధుమ రంగుతో మచ్చ కనిపిస్తుంది. బాగా ఎదిగిన ఒక్క మచ్చ దాదాపు రెండు వారాల పాటు రోజుకు 2000 నుంచి 6000 వరకు సిద్ధబీజాలను, అంటే శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలను, తయారుచేయగలదు. వాటిలో ఎక్కువ భాగం అర్ధరాత్రి దాటాక, ఆకులు మంచుతో తడిసి ఉన్న వేళలోనే గాలిలోకి వెళతాయి.

అలా వెళ్ళిన సిద్ధబీజం మరో ఆకు మీద పడి, తడి దొరికితే కొద్ది గంటల్లో మొలకెత్తి సన్నని నాళాన్ని చాస్తుంది. ఆ నాళం కొన ఉబ్బి అప్రెసోరియం అనే గుండ్రని నిర్మాణంగా మారుతుంది. దాని గోడకు లోపలి వైపున మెలనిన్ అనే నల్లని పొర ఏర్పడుతుంది, లోపల గ్లిజరాల్ అనే చిక్కని పదార్థం పేరుకుంటుంది, బయటి నీరు లోపలికి చొరబడుతుంది, మెలనిన్ పొర ఉన్నందువల్ల గ్లిజరాల్ బయటికి పోలేదు. ఫలితంగా లోపలి పీడనం 80 వాతావరణ పీడనాల దాకా పెరగగలదు, అంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు 40 రెట్లు. ఆ బలంతో అది ఆకు పై పొరను సూదిలా పొడుచుకుని లోపలికి దిగుతుంది. మొలకెత్తడం దగ్గర నుంచి ఈ పొడవడం వరకు ప్రతి దశకూ తడి కావాలి, ప్రతి దశ వేగాన్నీ ఆ తడి ఎంత వెచ్చగా ఉందన్నదే నిర్ణయిస్తుంది. మధ్యలో ఎండ తగిలి ఆకు ఆరిపోతే, సగంలో ఉన్న సిద్ధబీజాల్లో చాలావరకు అక్కడే ఎండిపోతాయి.

ఈ శిలీంధ్రం 25 నుంచి 28 డిగ్రీల మధ్య అతి చురుకుగా పెరుగుతుంది. అయితే ఏ శిలీంధ్రానికైనా ఉష్ణోగ్రతకూ పెరుగుదలకూ మధ్య గీసే రేఖ రెండు వైపులా ఒకేలా వాలదని గుర్తుంచుకోవాలి. చలి వైపు నుంచి అది నిదానంగా ఎక్కుతుంది, శిఖరం దాటాక వేడి వైపు నిటారుగా పడిపోతుంది. అంటే శిలీంధ్రానికి నచ్చిన వేడి కంటే 8 డిగ్రీలు తగ్గితే దాని పని నెమ్మదిస్తుంది, 8 డిగ్రీలు పెరిగితే దాదాపు ఆగిపోతుంది. చలిని అది ఓర్చుకుంటుంది, ఎండను ఓర్చుకోలేదు. మన యాసంగిలో జనవరి చలికి తెగులు చచ్చిపోతుందని ఎవరైనా అనుకుంటే ఆ ఆశకు ఆధారం లేదు.

సిద్ధబీజం లోపలికి దిగిన రోజు నుంచి మచ్చ కంటికి కనపడే రోజు వరకు ఎంతకాలం పడుతుందన్నది జపాన్‌లో చాలా కాలం క్రితమే లెక్కగట్టారు. 9 నుంచి 11 డిగ్రీల దగ్గర 13 నుంచి 18 రోజులు, 17–18 డిగ్రీల దగ్గర 7 నుంచి 9 రోజులు, 24–25 డిగ్రీల దగ్గర 5 నుంచి 6 రోజులు, 26–28 డిగ్రీల దగ్గర 4 నుంచి 5 రోజులు. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపిస్తుంది. 36 రోజుల కాలాన్ని తీసుకుని చూడండి: 9 రోజులకు ఒక తరం అయితే 4 తరాలు నడుస్తాయి, నాలుగున్నర రోజులకు ఒక తరం అయితే 8 తరాలు నడుస్తాయి. ఒక్కో మచ్చ నుంచి సగటున 5 కొత్త మచ్చలు వస్తాయని ఉదాహరణకు అనుకుంటే, మొదటి లెక్కలో ఒక మచ్చ 625 అవుతుంది, రెండో లెక్కలో 3,90,625 అవుతుంది. ‘నిన్నటిదాకా పొలం బాగానే ఉంది, రాత్రికి రాత్రి కాలిపోయింది’ అని రైతు చెప్పేది అతిశయోక్తిలా వినిపిస్తుంది గానీ, చివరి ఒకటి రెండు తరాలు మాత్రమే కంటికి ఆనే తెగులులో అలా అనిపించడం సహజమే.

మన జిల్లాల ప్రత్యేకత ఇక్కడే తెలుస్తుంది. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి దిగుతుంది, మంచు పడుతుంది, ఆకు గంటల తరబడి తడిగా ఉంటుంది. సిద్ధబీజం లోపలికి దిగడానికి అది చాలు. మధ్యాహ్నానికి ఉష్ణోగ్రత 28, 30 డిగ్రీలకు చేరుతుంది. అప్పటికే ఆకు లోపలికి చేరిన శిలీంధ్రానికి బయటి తడితో పని లేదు, అది ఆకు కణజాలంలోని నీటితోనే బతుకుతుంది, పైగా ఆ వేడి దానికి సరిగ్గా సరిపోతుంది. రాత్రి చొరబాటుకు, పగలు పెరుగుదలకు అనుకూలంగా ఉండే ఈ జంట వాతావరణం వల్లనే యాసంగి వరిలో అగ్గి తెగులు అంతగా భయపెడుతుంది. పగలు రాత్రి రెండూ చల్లగానే ఉండే ప్రాంతాల్లో తరం నెమ్మదిగా నడుస్తుంది. రెండూ వేడిగా ఉండే మార్చి చివరలో ఆకు మీద తడి నిలవక చొరబాటే తగ్గిపోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. అగ్గి తెగులు ఉధృతి కూడా మన దగ్గర ఇంచుమించు ఆ రోజులతోనే తగ్గుముఖం పడుతుంది, అప్పటికి వెన్ను బయటికి వచ్చి మెడవిరుపు (వెన్ను మెడకు సోకే అగ్గి తెగులు) సోకకుండా ఉంటే.

ఉష్ణోగ్రతను విడిగా చూస్తే ఏమీ తెలియదని, దానిని తడి గంటలతో కలిపి చూడాలని మొదటగా పట్టికగా వేసి చూపించిన వారిలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మిల్స్ ముఖ్యుడు. ఆయన 1944లో ఆపిల్ ఆకు మీద వచ్చే స్కాబ్ తెగులు గురించి ఆ పని చేశారు. దాదాపు 17 నుంచి 24 డిగ్రీల మధ్య ఆకు 9 గంటలు తడిగా ఉంటే తెగులు సోకుతుందని, 10 డిగ్రీల దగ్గర అందుకు 14 గంటలు కావాలని ఆ పట్టిక చెబుతుంది. ఆపిల్‌తో మనకు పని లేకపోయినా ఆ ఆలోచన ప్రతి ఆకు తెగులుకూ వర్తిస్తుంది: వేడిమి తగ్గిన కొద్దీ ఎక్కువ గంటల తడి కావాలి. జపాన్‌లో అగ్గి తెగులును ముందుగా పసిగట్టేందుకు బ్లాస్టామ్ అనే పద్ధతిని 1980లలో రూపొందించారు. ఆకు వరుసగా 10 గంటలైనా తడిగా ఉండటం, ఆ గంటల్లో సగటు ఉష్ణోగ్రత 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండటం, అంతకు ముందు 5 రోజుల సగటు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండటం అన్నవి అందులో ప్రధానమైన షరతులు. ఆ షరతులను మన డిసెంబరు, జనవరి రోజులతో పోల్చి చూసినవారికి ఎందుకు జాగ్రత్తపడాలో వేరే చెప్పనక్కరలేదు.

తడి గంటలను కొలిచే పరికరం మన పొలాల్లో ఉండదు. దానికి బదులుగా గాలిలో తేమ 90 శాతం దాటిన గంటలను తడి గంటలుగా లెక్కవేయడం పరిశోధకులు కూడా వాడే పద్ధతి. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ మండలాల్లో పెట్టిన స్వయంచాలిత వాతావరణ కేంద్రాల నుంచి ఉష్ణోగ్రత, తేమ వివరాలు దొరుకుతున్నాయి; చాలామంది వాటిలో వర్షపాతం ఒక్కటే చూసి వదిలేస్తారు. అయితే ఒక సవరణ చేసుకోవాలి. ఆ కేంద్రం కొలిచేది గాలి ఉష్ణోగ్రతను, శిలీంధ్రం ఉండేది ఆకు మీద. మబ్బు లేని, గాలి కదలని రాత్రి ఆకు తన వేడిని ఆకాశంలోకి వదులుతూ చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. గాలిలో తేమ ఇంకా నిండకముందే ఆకు మీద మంచు పడటానికి కారణం ఇదే. కాబట్టి కేంద్రం చూపించే 90 శాతం గంటల కంటే నీళ్ళు నిలిచిన వరి మడిలో అసలు తడి గంటలు ఎక్కువే ఉంటాయి.

మబ్బు పట్టిన రాత్రి లెక్క వేరు. ఆకు నుంచి పోయే వేడిని మబ్బు తిప్పి పంపుతుంది, మంచు అంతగా పడదు. కానీ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి రెండు మూడు రోజులు ముసురు పట్టినప్పుడు పగటికీ రాత్రికీ తేడా లేకుండా 20 నుంచి 24 డిగ్రీల మధ్యనే ఉష్ణోగ్రత ఆగిపోతుంది, ఆకు ఆరనే ఆరదు. ముందు చెప్పిన తడి, వేడిమి షరతులు రెండూ అప్పుడు ఇరవై నాలుగు గంటలూ నెరవేరుతాయి. దుబ్బులు ఒత్తుగా ఉండి, యూరియా ఎక్కువై ఆకు మెత్తబడి, బీపీటీ 5204 లాంటి తట్టుకోలేని రకం వేసి ఉంటే ఆ మూడు రోజులు చాలు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన ఈ సాంబమసూరి తిండికి ఎంత ఇష్టమైనదో అగ్గి తెగులుకూ అంత ఇష్టమైనది.

ఇక పల్లి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగి పల్లి పంటలో తిక్క ఆకుమచ్చ రెండు రకాలుగా వస్తుంది, రెండింటికీ కారణమైన శిలీంధ్రాలు వేరు, వాటికి నచ్చే వేడిమి కూడా వేరు. ముందుగా వచ్చే మచ్చ గోధుమ రంగులో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. దానికి 25 నుంచి 30 డిగ్రీల వరకు అనుకూలం. ఆలస్యంగా వచ్చే మచ్చ ఆకు అడుగున నల్లగా ఉంటుంది. అది 20 డిగ్రీల చుట్టుపక్కల బాగా సోకుతుంది. అంటే మన యాసంగి రాత్రులు ఈ రెండోదానికి కొలిచినట్టు సరిపోతాయి. పైరు వయసు పెరిగే కొద్దీ ఆకులు కమ్ముకుని కింది వరసల్లో గాలి ఆడకపోవడం కూడా దానికి తోడవుతుంది. కింది ఆకులు రాలడం మొదలైనా చాలామంది అది ముదిరిన పైరు లక్షణమనుకుని వదిలేస్తారు, ఆకు రాలిన మేరకు కాయలో గింజ నిండదు.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1990లలో ఈ ఆలస్యపు మచ్చ మీద జరిగిన ప్రయోగాలు ఒక ఆసక్తికరమైన సంగతిని బయటపెట్టాయి. ఆకును ఎడతెగకుండా తడిగా ఉంచినప్పటి కంటే, రాత్రి తడిసి పగలు ఆరుతూ వరుసగా కొన్ని రోజులు గడిచినప్పుడు మచ్చలు ఎక్కువగా వచ్చాయి. ఆకు మధ్యలో ఆరితే తెగులు ఆగిపోతుందన్న సాధారణ సూత్రం అగ్గి తెగులుకు సరిపోయినంతగా దీనికి సరిపోదు. దీని నాళం ఎక్కువగా ఆకురంధ్రాల ద్వారానే లోపలికి పోతుంది, ఆకు మీద ఆ రంధ్రాన్ని వెతుక్కుంటూ కొన్ని రోజులు పాకగలదు, మధ్యలో ఆరినా మళ్ళీ తడి దొరకగానే పని కొనసాగిస్తుంది. వానలేని యాసంగిలో కేవలం రాత్రి మంచుతోనే ఈ తెగులు అంత బలంగా ఎలా వస్తుందన్న ప్రశ్నకు నాకు ఇంతకంటే మంచి సమాధానం కనపడలేదు.

దీనినుంచి నేరుగా తేలే విషయం స్ప్రింక్లర్ల గురించి. పాలమూరులో బోరు కింద పల్లి వేసేవారిలో చాలామంది స్ప్రింక్లర్లతోనే తడి ఇస్తారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇచ్చినప్పుడు, అంతకు ముందు రాత్రి కరెంటు కోసం, అది రాగానే మోటరును దానంతటదే నడిపే ఆటోస్టార్టర్ పెట్టి వదిలేసే అలవాటు మానుకోమని అందరూ భూగర్భ జలాల గురించే చెప్పారు. తెగులు కోణం నుంచి కూడా ఆ మాట చెప్పవలసింది. సాయంత్రం 5 గంటలకు స్ప్రింక్లర్ తిప్పితే ఆకు అప్పుడే తడుస్తుంది, ఆ తడి ఆరకముందే మంచు మొదలవుతుంది, మరునాడు 8 గంటల దాకా ఆకు ఆరదు. 10 గంటల తడి కాస్తా 15 గంటలవుతుంది. అదే తెల్లవారుజామున, ఆకు ఎలాగూ మంచుతో తడిసి ఉన్న వేళ మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేస్తే తడి గంటలు పెద్దగా పెరగవు. నీళ్ళు అవే, ఖర్చు అదే. పొద్దున్నే లేచి మోటరు వేయడం ఒక్కటే అదనపు కష్టం.

తడి లేకుండానే బతికే శిలీంధ్రాలూ ఉన్నాయి కాబట్టి పై లెక్కను అన్నిటికీ అంటగట్టకూడదు. బూడిద తెగులును కలిగించేవి అలాంటివి. వాటి సిద్ధబీజం తనలో ఉన్న నీటితోనే మొలకెత్తుతుంది. ఆకు మీద నీటి చుక్కలు నిలిస్తే దానికి నష్టమే. పగలు ఎండగా, పొడిగా ఉండి రాత్రి చల్లబడి గాలిలో కొంత తేమ ఉంటే చాలు. అందుకే మిరప ఆకుల అడుగున తెల్లని పొడి, కొల్లాపూర్ మామిడి తోటల్లో పూత మీద, లేత ఆకుల మీద బూడిద, రెండూ జనవరి, ఫిబ్రవరిలోనే కనిపిస్తాయి. ఇంకోవైపు వానకాలం వరిలో వచ్చే పాము పొడ తెగులుకు 28 నుంచి 32 డిగ్రీల వేడి కావాలి, చలితో దానికి పని లేదు. వరి ఆకు అంచుల వెంట ఎండిపోయే ఎండాకు తెగులును కూడా చాలామంది వీటితో కలిపేస్తారు. అది బాక్టీరియా వల్ల వచ్చేది, దానికి శిలీంధ్రపు మందు కొట్టడం డబ్బు దండగ.

ఉష్ణోగ్రత శిలీంధ్రాన్నే కాక మొక్కను కూడా మారుస్తుంది. గోధుమలో కాండం తుప్పు తెగులును తట్టుకునే ఎస్‌ఆర్6 అనే జన్యువు 20 డిగ్రీల దగ్గర చక్కగా పనిచేసి, 25 దాటితే చేతులెత్తేస్తుంది. పసుపు తుప్పును ఎదుర్కొనే వైఆర్36 అనే మరో జన్యువు 25 డిగ్రీల పైనే పనిచేస్తుంది. తెలంగాణ సోనా లాంటి అగ్గి తెగులును తట్టుకునే వరి రకం కూడా ప్రతి ఏడాది, ప్రతి చలిలో ఒకేలా నిలబడుతుందని ముందుగా అనుకోకుండా, పొలాన్ని చూస్తూ ఉండటమే మంచిదని నా అభిప్రాయం. యాసంగి నారుమడిలో చలికి ఎర్రబారిన నారును సాయంత్రం నీళ్ళు తీసి, పొద్దున కొత్త నీళ్ళు పెట్టి కాపాడుకోవడం వెనుక కూడా ఇదే సంగతి ఉంది: చలికి బెదిరిన మొక్కకు తట్టుకునే శక్తి తగ్గుతుంది.

మందు ఎప్పుడు కొట్టాలన్నదానికి ఈ లెక్కలే ఆధారం కావాలి. అగ్గి తెగులుకు లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ వాడటం అందరికీ తెలిసినదే, కానీ అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎప్పుడు కొట్టాలో తెలుస్తుంది. అది మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. మెలనిన్ లేని అప్రెసోరియం ఒత్తిడి నిలుపుకోలేక ఆకును పొడవలేదు. అంటే సిద్ధబీజం లోపలికి దిగకముందు ఆకు మీద ఉంటేనే ఆ మందుకు పూర్తి ఫలితం. మచ్చలు కనపడ్డాక కొట్టినవారు కొత్త మచ్చలను ఆపుకుంటారు, అప్పటికే లోపలికి చేరి 4, 5 రోజుల తర్వాత బయటపడబోయే మచ్చలను ఆపలేరు, ఆ తర్వాత మందు పనిచేయలేదని దుకాణదారుతో తగాదా పడతారు. వాతావరణ శాఖ, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే జిల్లా బులెటిన్‌లో రాబోయే 5 రోజుల కనిష్ఠ ఉష్ణోగ్రత, తేమ శాతం ఉంటాయి. పిలకల దశలో ఉన్న సాంబమసూరి మడి ఉన్నవారు వాన వరుస కంటే ముందు ఆ రెండు వరుసలు చదవాలి.

మందుకూ వేడిమితో సంబంధం ఉంది. బూడిద తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చవకైనది, మంచిది, కానీ అది కొంత ఆవిరిగా మారి పనిచేస్తుంది కాబట్టి బాగా చలిగా ఉన్న రోజుల్లో దాని ప్రభావం మందగిస్తుంది. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే అదే గంధకం లేత ఆకును, పూతను మాడ్చే ప్రమాదం ఉంది. జనవరిలో దీనితో ఇబ్బంది లేదు. ఫిబ్రవరి రెండో పక్షం నుంచి మన దగ్గర మధ్యాహ్నం 34, 35 డిగ్రీలు మామూలే కాబట్టి అప్పటికి మిరపలోనైనా మామిడిలోనైనా గంధకాన్ని పక్కనపెట్టి, లీటరుకు 2 మిల్లీలీటర్ల హెక్సాకొనజోల్ వంటి మందుకు మారడం మేలు. అదీ ఎండ తగ్గిన తర్వాత కొట్టాలి.